చేటెడు తవుడు

చార్టులో తాత రెండు చోట్ల వచ్చాడు.

యోగిత రబ్బరుతో చెరిపింది. ఈసారి కాగితమే చిరిగింది.

ప్లస్ టూ బయాలజీ రికార్డు అది. నాలుగు తరాల కుటుంబాన్ని గీయాలి. ఆడవాళ్లకు గుండ్రం, మగవాళ్లకు చదరం, పక్కన రక్తం గ్రూపు. తప్పు లేకుండా రేపు వేలూరు స్కూల్లో సుమిత మిస్ బల్ల మీద ఉండాలి. లేకపోతే ఇంటర్నల్ మార్కులు సున్నా.

సాయం చేద్దామంటే గుడియాత్తంలోని ఆ ఇంట్లో ఎవరికీ తీరిక లేదు. ఆ రోజు అవ్వ భారతమ్మ చనిపోయిన ఏడాదికి పెట్టే తిథి. తాత చెంగల్రాయలును అడిగితే, "పాత కతలు ఇప్పుడెందుకమ్మా," అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"ఏంది పాపా, ముగ్గేస్తా ఉండావా?"

అరుగు మీద ఒక ముసలామె. చేతిలో గుడ్డసంచి. నాట్రంపల్లి నుంచి బస్సులో వచ్చిందట. తిథి అన్నానికి ఇలా ఎవరెవరో వస్తూనే ఉంటారు.

"ముగ్గు కాదవ్వా, మా వంశం. తాత రెండు చోట్ల వస్తా ఉండాడు."

"రాకుండా యాడికి పోతాడు? సొంత అక్క కూతుర్నే గదా కట్టుకున్నాడు. భారతమ్మకు మేనమామా ఆయనే, మొగుడూ ఆయనే." ముసలామె నవ్వింది. "మనిషి ఒకడే. ఒక్కచోటనే కూర్చోబెట్టి గీత సాగదియ్యి."

వారం రోజులుగా తెగని చిక్కు ఒక్క గీతతో తెగింది.

"మీ నాయన్ను ఒక్కణ్ణే పెట్టినావే? ముందర పోయినోళ్లు యాడ?"

"ముందర ఎవురవ్వా?"

"ఇద్దరు మగబిడ్డలు, ఒక ఆడబిడ్డ. పదినాళ్లు గూడా నిలవలేదు."

ఈ మాట యోగితకు ఎవరూ చెప్పలేదు. రెండు చదరాలు, ఒక గుండ్రం గీసి, చనిపోయినట్టు అడ్డంగా కొట్టింది. పాపం అవ్వ, అనిపించింది.

"నాలుగోవాడు మీ నాయన. చేటెడు తవుడుకు కొన్నారు."

ఆ ఆచారం మాత్రం యోగిత విన్నదే. బిడ్డలు నిలవని ఇంట్లో, పుట్టిన బిడ్డను పరాయి ఆడమనిషి ఒడిలో పెడతారు. ఆమెకు చేటెడు తవుడు పోసి, కొన్నట్టుగా వెనక్కి తెచ్చుకుంటారు. ఇది వీళ్ల బిడ్డ కాదేమోనని యముడు కూడా తికమకపడి పోవాలట. బయాలజీ పుస్తకంలో తవుడుకు గుర్తేమీ లేదు. యోగిత తికమకపడింది.

"నీకెట్ల తెలుసవ్వా?"

"ఆ తవుడు తీసుకున్నది నేనే పాపా." ముసలామె లోపలికి తొంగిచూసింది. "మీ నాయన్ను ఒకసారి పిలువు. చూసి పోతాను."

యోగిత లోపలికి పరుగెత్తింది. దినకర్ పంక్తిలో వడ్డిస్తున్నాడు.

"నాయనా, తవుడుకు నిన్ను అమ్మిన అవ్వ వచ్చినాది!"

"ఇప్పుడేం కావాలంట ఆయమ్మకు? కూర్చోబెట్టు. సోరు తినేసి పోతాది."

ముసలామె చివరి ఆకు ముందు కూర్చుంది. దినకర్ వరసగా వడ్డించుకుంటూ వచ్చి, ఆమెకూ వడ్డించి, ముఖం చూడకుండానే వెళ్లిపోయాడు. ఆమె మెతుకు మిగల్చకుండా తిన్నది. బస్సుకు టైమైందని లేచింది.

పేరైనా అడగలేదే అని యోగితకు ఆమె వెళ్లాక తోచింది.

మరునాడు సుమిత మిస్ రికార్డు తిరగేసి కళ్లజోడు తీసింది.

"గీతలు బాగున్నాయి. మనుషులే తప్పు."

"ఏం తప్పు మిస్?"

"మీ తాత 'ఓ' గ్రూపు. అవ్వా 'ఓ' గ్రూపే. నాన్న బి ఎలా అవుతాడు?"

"ఆస్పత్రి కార్డులు చూసే రాసినాను మిస్."

"ఇద్దరి దగ్గరా లేనిది బిడ్డకు ఎక్కడినుంచి వస్తుంది? ఇంట్లో సరిగ్గా అడిగి రా."

గుడియాత్తం చేరేవరకు బస్సులో యోగిత అదే లెక్క వేసింది. ఓ, ఓ కలిస్తే ఓ. ఎన్నిసార్లు వేసినా ఓ. పుస్తకం తప్పా? కార్డు తప్పా?

ఇంటికి రాగానే తాత పక్కన కూర్చుని అంతా చెప్పింది. తవుడు అవ్వ సంగతి కూడా.

తాత లేచి కూర్చున్నాడు. "ఆయమ్మ వచ్చిందా? తినిందా?"

"తినింది. నాయనే వడ్డించినాడు."

తాత పైగుడ్డతో కళ్లు తుడుచుకున్నాడు. "మీ అవ్వ ఉండేవరకు ఈ వాకిలి తొక్కనని మాటిచ్చింది. నలభై ఏండ్లు తొక్కలేదు."

యోగితకు ఇంకా అర్థం కాలేదు. "తవుడు తీసుకొని, బిడ్డను మళ్లా మీకే ఇచ్చేసింది గదా తాతా? దానికి మాట ఎందుకు?"

"మళ్లా కాదమ్మా," అన్నాడు తాత. "మూడోది పోయినాంక మీ అవ్వకు ఇంక కాన్పే లేదు, ఆయమ్మ తన కన్నకొడుకునే మా ఒళ్లో పెట్టి పోయింది."