అమ్మ కొలత

"ఈ అట్ట పెట్టి నేనింక గుడ్డ కత్తిరించలేనండి" అంటూ తెరేసమ్మ కత్తెర బల్ల మీద పెట్టేసింది.

షావుకారు కోటిలింగం గబగబా గోడ వైపు చూశాడు. అక్కడ, ఈ వ్యాపారం పెట్టి ఆ అట్ట కోసిన ఆయన తండ్రి చౌడయ్యగారి ఫొటో, ఉత్తరీయం కప్పుకున్న భారీ విగ్రహం. పని లేనప్పుడు ఆ అట్టను వేలాడదీసేది ఆ ఫొటో పక్కనే. పాతికేళ్లుగా ప్రతి దసరాకీ దానికి పసుపు రాసి బొట్టు పెడుతున్నారు. 'భద్ర' బ్రాండు బాడీలన్నిటికీ అదే మూల కొలత. చిన్న సైజు కావాలంటే అంగుళం తగ్గిస్తారు, పెద్దది కావాలంటే అంగుళం కలుపుతారు, అంతే.

బాడీలని మనం అనుకోవడమే గానీ కోటిలింగం నోట ఆ మాట చచ్చినా రాదు. ఆడవాళ్లు జాకెట్టు లోపల తొడుక్కునే దాన్ని ఆయన 'సరుకు' అంటాడు. ఆదివారం రజతోత్సవం పెట్టుకుని 'భద్ర చరిత్ర, 1949-1974' అని నలభై పేజీల పుస్తకం అచ్చేయించాడు. మొదట్నుంచీ చివరిదాకా చదివినా వీళ్లు అమ్మేది ఆవకాయో సిమెంటో తెలిసి చావదు. పదిహేనో పేజీలో మాత్రం ఆ అట్ట బొమ్మ వేయించి, కింద 'మాతృమూర్తి భద్రమ్మగారి కొలత' అని బంగారు రంగులో కొట్టించాడు.

"ఏమొచ్చిందిప్పుడు?" అన్నాడు కోటిలింగం.

"ఉయ్యూరు మూట మళ్లీ తిరిగొచ్చిందండి. చుట్టూ వదులు, ముందు ఇరుకు అంటన్నారు. మైలవరంలోనూ అదే మాట."

"ఉయ్యూరు ఆడవాళ్ల ఒళ్లే సరిలేదేమో. చెరుకు నమిలి నమిలి పాడైపోయుంటారు."

"మరి రావమ్మగారండీ?"

రావమ్మ కోటిలింగం భార్య. ఆయన మొహం మాడిపోయింది. "ఆవిడకేం?"

"ఆవిడ బొంబాయివి తెప్పించుకుంటున్నారండి. పెరట్లో తువ్వాలు కింద ఆరేస్తారు. మీరు అటేపు చూడరు గదా, మీకు తెలవదు."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం కోటిలింగం. పెళ్లాం నాలుగో కాలు చూపించినా ఒప్పుకోడు.

"అట్టకేం తప్పు లేదు. నీ చెయ్యే వంకర. రేపట్నుంచి రాబాక" అన్నాడు.

తెరేసమ్మ భర్త లాజరు మంచాన పడ్డాక ఆ ఇంటికి అన్నం పెడుతున్నది ఈ కత్తెరే. పన్నెండేళ్లుగా మూట తిరిగొచ్చినప్పుడల్లా తిట్లు తిన్నది కూడా తనే. భయం కన్నా ఒళ్లుమంటే ఎక్కువైంది ఆమెకి.

"పోతానండి. పోయేముందు ఒక్కటి చెప్పండి. ఈ కొలత అమ్మగారిదేనని మీకెవరు చెప్పారు?"

"ఒకరు చెప్పాలా? బ్రాండుకి అమ్మ పేరే గదా పెట్టింది. మా నాన్నగారు పరాయి ఆడదాని వంక కన్నెత్తి చూసిన మనిషి కాదు. ఇంకెవరిదవుతుంది?"

"అయితే అమ్మగారినే అడుగుదాం. ఆవిడ అవునంటే కత్తెర మీకిచ్చేసి ఈ గుమ్మం దిగుతా. కాదంటే కొత్త అట్ట కోయించాలి."

"అట్టాగే" అన్నాడు కోటిలింగం ధీమాగా. అప్పటికే గెలిచినట్టు ఉత్తరీయం సర్దుకున్నాడు.

డెబ్భై ఎనిమిదేళ్ల భద్రమ్మగారు వసారాలో చాప మీద కూర్చుని సరుకుకి హుక్కులు కుడుతోంది. కోటిలింగం పుస్తకం తెరిచి ఆవిడ ఒళ్లో పెట్టాడు. తెరేసమ్మ కత్తెర పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"అమ్మా, ఈ కొలత నీదేనని ఈవిడకి ఒక్క ముక్క చెప్పు."

భద్రమ్మగారు కళ్లజోడు పెట్టుకుంది. బొమ్మ చూసింది. కింద బంగారు అక్షరాలు కూడబలుక్కుని చదివింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, చేతిలో సూది కిందపడేలా నవ్వింది.

"ఇయ్యి ఎన్ని అచ్చేయించావురా కోటీ?"

"వెయ్యి. అన్నీ పంచేశాను. ఊళ్లో పెద్దలందరికీ చేరిపోయినై."

"అయ్యో నాయనా. తెరేసమ్మా, ఆ కత్తెర నీ దగ్గరే ఉంచుకో" అంది భద్రమ్మగారు కళ్లు తుడుచుకుంటూ. "ఏటేటా నువ్వు దానికి బొట్టు పెడతంటే, తెలిసే పెడతన్నావనుకున్నారా. పగటిపూట నా మొహం చూడ్డానికే సిగ్గుపడే మనిషి నన్ను కొలుస్తారట్రా? తలుపు గడియేసి, చొక్కా విప్పి, టేపు నా చేతికిచ్చి, తన ఛాతీ కొలవమన్నారు మీ నాన్న."