రెండో సాక్షి

“అయిదింటిదాంక టైమిస్తున్న. రెండో సాక్షి దొరకకుంటే గీ నలభై మాటలు తీసెయ్, నిహారికా!”

హుకుం జారీచేసి లింగస్వామి సారు మీటింగుకు పోయిండు.

నిహారికకు ఏడుపొక్కటే తక్కువ.

నల్గొండల ఒక కాలేజీవాళ్లు కంప్యూటర్ డిక్షనరీ తయారుచేస్తున్నరు. ఫోన్ల మాట్లాడితే దానికి మన యాస సమజ్ కావాలె గద, అందుకు. ఒక్క మాట ఎక్కాలంటే ఇద్దరు సాక్షులుండాలె. చెప్పినోళ్లు ఒకరు, అవునన్నోళ్లు ఒకరు. లేకుంటే ఎర్రగ కనబడతది.

గీ నలభై మాటలు గరగరమనే ఒక పాత టేపుల దొరికినయి. చెప్పినాయన పేరు లేదు, ‘కేతేపల్లి’ అని మాత్రం రాసుంది. మూడు నెలలు చెవులు చిల్లులు పడేదాంక ఇని ఎక్కిచ్చింది పిల్ల. సారేమో, “గిసొంటి మాటలు నా జిందగీల ఇనలే” అంటడు.

గప్పుడే ఒక ముసలాయన తొంగిచూసిండు.

“బిడ్డా, మీ సారును కలువాలె.”

“మీటింగుల ఉన్నడు. కూసో తాతా. ఏ ఊరు మనది?”

“కేతేపల్లి. కాటమయ్యంటరు.”

నిహారిక కుర్చీలకెల్లి ఎగిరి లేచింది.

“తాతా! ముస్తాదంటే ఏంది?”

“కల్లు గీసెటోళ్లు నడుముకు కట్టుకునే సామాను. మా బామ్మర్ది ముస్తాదు కట్టుకొనే పెండ్లిచూపులకు పోయిండు.”

టేపు ఇని కంప్యూటర్ల ఎక్కిచ్చింది గూడ గదే వాక్యం. అక్షరం తేడా లేదు!

“మరి లొట్టి?”

“కల్లు కుండ. మా బామ్మర్ది లొట్టి పలగ్గొట్టి, కోతి మీదికి నెట్టిండు.”

“అయ్యో తాతా, గిది గూడ ఉంది గిండ్ల!”

“అర్రె! మా బామ్మర్ది సంగతి కంప్యూటర్ దాంక పోయిందా?”

కేతేపల్లిల బామ్మర్దులందరు గింతేనేమో అనుకొని కడుపుబ్బ నవ్వింది నిహారిక. ఒక్కొక్కటే అడుగుతుంటే నలభై మాటలు పచ్చగైనయి. సంబురంగ తాతకు చాయ్ తెప్పిచ్చింది.

సారు లోపటికొచ్చిండు. ముసలాయనను చూసి మొఖం మాడ్చుకున్నడు.

“సార్, రెండో సాక్షి దొరికిండు!”

“గీయన సాక్ష్యం చెల్లదు. టేపుల గొంతే గీయనది.”

నిహారిక పానం ఉసూరుమంది.

“మీకెట్ల తెల్సు సార్?”

తాత చాయ్ గిలాస కింద పెట్టి, నిహారిక చెవుల ఏదో చెప్పిండు.

నిహారిక పోయి కంప్యూటర్ ముంగట కూసుంది. నవ్వు ఆపుకుంట టకటక కొట్టింది: “మొదటి సాక్షి, కేతేపల్లి కాటమయ్య. రెండో సాక్షి, వాళ్ల బామ్మర్ది లింగస్వామి సారు.”