గ్రైండర్ చూడ్డానికొచ్చినవాడు

"ఎవరయ్యా నువ్వు? సంతలోకి దూరినట్టు గేటు తీసుకుని లోపలికి వచ్చేశావే!"

చేతిలో గ్రీజు గుడ్డతో షెడ్డులోంచే అరిచారు ఇన్‌స్పెక్టరుగారు.

గుమ్మంలో ఒక ముసలాయన. మాసిన చొక్కా, అరిగిన చెప్పులు.

"పాత సర్ఫేస్ గ్రైండర్ మీరే కొన్నారని తెలిసింది బాబూ. ఒక్కసారి చూసి వెళ్తాను."

"చూసి పోవడానికి ఇదేమన్నా ఎగ్జిబిషనా?"

ఇన్‌స్పెక్టరుగారు తూనికలు కొలతల శాఖలో చేసి రిటైరయ్యారు. ఉద్యోగమంతా దొంగ తూకాలు పట్టుకోవడంతోనే సరిపోయింది. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనబడ్డట్టు, ఆయనకు ఎదురుపడ్డ ప్రతివాడూ దొంగే. కూరగాయలవాడు దొంగ, పాలవాడు దొంగ, సొంత బావమరిది గజదొంగ.

రిటైరయ్యాక పొద్దుపోక, మూతబడ్డ ఫ్యాక్టరీ తాలూకు ఈ గ్రైండర్‌ను పాత ఇనుము కొట్లో కొని షెడ్డులో దింపించారు. ఇనుప పలకల్ని అద్దంలా నునుపు చేసే మిషన్ అది. తుప్పు గీకారు, రంగు వేశారు, మోటారుకు వైండింగ్ చేయించారు.

అన్నీ అయ్యాయి గానీ, సానరాయి చక్రాన్ని ఇరుసుకు బిగించే హబ్బు లేదు.

లేతు షాపులో కొత్తది చేయించారు. చక్రం కల్లు తాగిన కోతిలా ఊగింది. ఇంకో షాపులో చేయించారు. అదీ ఊగింది.

"ఆ ఇనుప దున్నపోతు ఈ జన్మకు తిరగదు. నెలాఖరుకల్లా షెడ్డు ఖాళీ చేయండి, నా కుట్టుమిషన్లు పెట్టుకుంటాను" అని భార్య తేల్చి చెప్పేసింది.

"రంగు మాత్రం భలే కుదిరింది బావగారూ! తడి తువ్వాళ్లు ఆరేసుకోవచ్చు" అన్నాడు బావమరిది.

ఆ మాట ఇన్‌స్పెక్టరుగారికి ఒళ్లంతా కారం రాసినట్టయింది. మిషన్ తిరగాలి, ఆ బావమరిది నోరు మూతపడాలి. ఆయనకిప్పుడు అంతకు మించిన కోరిక లేదు.

సరిగ్గా అలాంటప్పుడు ఈ ముసలాయన దాపురించాడు.

"ఎవరు పంపారు నిన్ను? బేరగాడివా?"

"కాదు బాబూ. ఊరికే..."

"ఊరికే ఎవడూ రాడు. సరే, వచ్చినవాడివి ఎలాగూ వచ్చావు. ఈ గుడ్డ తీసుకుని ఆ బల్ల కింద గ్రీజు తుడువు."

ముసలాయన గుడ్డ అందుకున్నాడు. మోకాళ్ల మీద కూర్చుని తుడిచాడు. తుడుస్తూ తుడుస్తూ మిషన్‌ను అరచేత్తో నిమిరాడు.

"నిమరడానికి అదేమన్నా నీ కన్నకూతురా? చెయ్యి తియ్!"

తీసేశాడు. ముఖంలో మాత్రం చిన్న నవ్వు.

"బాగా చూసుకుంటున్నారు బాబూ. మంచి చేతుల్లోనే పడింది."

"ఆహా, నీ సర్టిఫికెట్ కోసమే నిద్ర మానుకుని కూర్చున్నాను!"

"ఇంక దీనికి కావలసిందల్లా..."

"నువ్వు చెప్పాలా నాకు? హబ్బు! ఫ్యాక్టరీ మూసేటప్పుడు ఎవడో నొక్కేశాడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టే రకం! నీలాంటివాళ్లు పనిచేస్తే ఏ ఫ్యాక్టరీ మాత్రం నిలుస్తుందయ్యా? ఆ దొంగవెధవ చేతులు పడిపోను! నాకు కనబడాలిగానీ, నడిబజార్లో నిలబెట్టి పోలీసులకు పట్టిస్తాను."

ముసలాయన ఏదో చెప్పబోయాడు.

"ఏం, మొహం అలా పాలిపోయింది? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు!"

తన చమత్కారానికి తనే పగలబడి నవ్వారు ఇన్‌స్పెక్టరుగారు.

ముసలాయన గుడ్డ మడిచి బల్ల మీద పెట్టాడు.

"వస్తాను బాబూ."

"గేటు వేసి ఏడు!"

గేటు చప్పుడు కాకుండా వేసి వెళ్లిపోయాడు. మళ్లీ ఆ ఛాయలకు రాలేదు.

నెలాఖరు వచ్చింది. ఇన్‌స్పెక్టరుగారు చచ్చినట్టు పాత ఇనుము కొట్టుకు వెళ్లారు.

"ఏమయ్యా, హబ్బు లేని మిషన్ అంటగట్టి నా నెత్తిన టోపీ పెడతావా? మర్యాదగా వెనక్కి తీసుకో."

కొట్టువాడు తెల్లబోయాడు.

"అదేంటి సార్? ముసలాయన మీ ఇంటికొచ్చి హబ్బు ఇవ్వలేదా?"

"ఏ ముసలాయన? నాకెవడూ ఏమీ ఇవ్వలేదు!"

"అయ్యో! అయితే మొన్న ఆయన ఇక్కడ పడేసి వెళ్లింది అదేనన్నమాట. నూనె గుడ్డలో చుట్టి తెచ్చాడు సార్. డబ్బులిస్తానంటే వద్దన్నాడు. 'ఇంట్లో ఉంటే దొంగసొత్తంటారు నాయనా, కరిగించేయ్' అన్నాడు. హబ్బు మీకిచ్చేసుంటాడు, ఇది ఇంకేదో అనుకున్నాను."

"ఎక్కడ? ఎక్కడుందది?"

ఇన్‌స్పెక్టరుగారు తుప్పు ముక్కల కుప్ప మీద పడి రెండు చేతులా కెలకసాగారు.

"ఆ కుప్పలో లేదు సార్. నిన్ననే లారీ ఫౌండ్రీకి వెళ్లింది. ఈపాటికి కరిగిపోయుంటుంది."

ఆయన చతికిలబడ్డారు. అప్పటికైనా బుద్ధి వచ్చిందా అంటే, అదీ లేదు.

"చూశావా! నేను ఆ రోజే పట్టేశాను. దొంగ వాడే!"

కొట్టువాడు ఆయన్ని ఎగాదిగా చూశాడు. చూసి, పక్కకు తిరిగి తుపుక్కున ఉమ్మేశాడు.

"దొంగేంటి సార్? ఆ మిషన్ మీద బతుకంతా పనిచేసింది ఆయనే. తను లేనప్పుడు ఎవరైనా కదిపితే చక్రం తూకం చెడిపోతుందని, మేనేజరుకు చెప్పే, హబ్బు రోజూ ఇంటికి పట్టుకెళ్లేవాడు. చెప్పాపెట్టకుండా ఫ్యాక్టరీకి తాళం వేసేసరికి అది ఆయన ఇంట్లోనే ఉండిపోయింది. ఇన్నేళ్లూ దానికి నూనె రాసి దాచి, మిషన్ ఎవరి దగ్గరుందో ఒక్కసారి చూసుకుని వాళ్ల చేతిలోనే పెట్టేద్దామని, నన్ను బతిమాలి మరీ మీ అడ్రసు తీసుకున్నాడు."