తెర వెనక ఊపిరి

దొంగలన్నవాళ్ళు గదిలోంచి ఏదో ఒకటి బయటికి పట్టుకుపోతారు. ఆ ఇంటి కోడలు మాత్రం బట్టల బుట్టలో నిద్రపోతున్న చంటిపిల్లాణ్ణి పెట్టుకుని, అటూ ఇటూ చూసి, రికార్డింగ్ గదిలోకి దొంగతనంగా చేరవేస్తోంది. వెనకాలే పిల్లిలా అత్తగారు.

"మీ మామగారు చూశారంటే ముగ్గుర్నీ కట్టగట్టి వీధిలో నిలబెడతారే."

"చూడరు. ముందుగదిలో వయొలిన్ ఆవిడకి కాఫీ ఇస్తున్నారు. మీరు త్వరగా తెర వెనక కూర్చోండత్తయ్యా."

ఆ గదిలో ఈగ వాలాలన్నా మామగారి అనుమతి కావాలి. ఆయనది చిన్న రికార్డుల కంపెనీ. ముందుగదిలో ఆఫీసు, వెనకగదిలో రికార్డింగ్, మధ్యలో మిగిలిన జాగాలో కాపురం. పాతకాలపు టేపు మెషీను మీద సంగీతం పట్టి, నల్లటి పెద్ద రికార్డులు వేయించి అమ్ముతారు. కొనేది కొద్దిమందే అయినా, మంచి శబ్దమంటే చెవి కోసుకునే రకాలు. మామగారు వాళ్ళను మించిన ఘటం. ఆయన చెవులకు పడదని గోడగడియారం అటకెక్కింది, వంటింటి తలుపు బందులు నూనె తాగాయి, ఆయన పడక ఏనాడో ముందుగదికి మారింది.

మునగబోతున్న కంపెనీని పోయినసారి వేసిన వయొలిన్ రికార్డు ఒడ్డున పడేసింది. వయొలిన్ వెనకాల, ఉండీ లేనట్టు, ఒక మెత్తటి శబ్దం. వస్తుంది, ఆగుతుంది, మళ్ళీ వస్తుంది. "అబ్బ, గదే ఊపిరి తీస్తోందండీ!" అంటూ విన్నవాళ్ళ నుంచి ఒకటే ఫోన్లు. మామగారైతే రోజూ సాయంత్రం కళ్ళు మూసుకుని వింటూ, "ఇంత హాయైన చప్పుడు నా జన్మలో వినలేదు" అని కళ్ళొత్తుకునేవారు.

గొడవ కూడా అక్కడే మొదలైంది.

అది తన టేపు మెషీను మహిమ అంటారు మామగారు. కాదు, తాను తెచ్చిన కొత్త మైకుది అంటాడు కొడుకు. ఆ డొక్కు మెషీన్ని పాత సామాన్లవాడికి ఇచ్చేసి ఇక కంప్యూటరు మీదే పని చేద్దామంటాడు. తండ్రీకొడుకుల మధ్య మాటలు నిలిచిపోయాయి. ఒకే బల్ల దగ్గర భోంచేస్తూ, "అమ్మాయ్, ఆ మంచినీళ్ళు ఇలా జరపమని మీ ఆయనకి చెప్పు" అనేదాకా వచ్చింది. కోడలేమో అడకత్తెరలో పోకచెక్క.

చివరికి, వీళ్ళ రికార్డులు కొనే టోకు వ్యాపారి తగువు తీర్చాడు. "పాత మైకే పెట్టి, ఈ మెషీను మీదే ఇంకోటి పట్టండి. ఆ ఊపిరి మళ్ళీ వచ్చిందా, ఇకమీదట మీ రికార్డులన్నీ నావే. రాలేదా, అబ్బాయి చెప్పినట్టు కానివ్వండి."

కోడలి గుండె గుభేలుమంది. అది మెషీనూ కాదు, మైకూ కాదు! ఆ రోజు వీధిలో రోడ్డు తవ్వుతుంటే పిల్లాడు ఉలిక్కిపడి లేస్తున్నాడని, ఇంట్లో చప్పుడు చొరబడని ఆ ఒక్క గదిలో, మందపాటి తెర వెనక పడుకోబెట్టి, అత్తగారిని కాపలా ఉంచింది. కన్నబిడ్డ ఊపిరి తల్లికి తెలియదూ? నిజం చెబితే కంపెనీ పరువు గంగపాలు. చెప్పకపోతే మెషీను పాత సామాన్లపాలు. ఆ మెషీను గడప దాటితే మామగారు ముద్ద ముట్టరు.

అందుకే ఈ రెండో దొంగతనం.

"అత్తయ్యా, వాడు కెవ్వుమన్నాడంటే మన కొంప కొల్లేరే. మీరు రెప్ప వేయకుండా చూడాలి. నా మీద ఒట్టు."

"సరేనే తల్లీ! నీ భయమంతా తెచ్చి నాకు అంటించకు."

రికార్డింగ్ మొదలైంది. తలుపవతల కోడలు కొంగు కొసలు నలుపుకుంటూ నిలబడింది. లోపలి నుంచి ఏడుపు లేదు, అలికిడి లేదు. పని ముగించి అందరూ ముందుగదిలోకి వెళ్ళగానే తెర తీసి చూస్తే, పిల్లాడు ఏనుగు తొక్కినా లేవనంత నిద్రలో ఉన్నాడు. ఆమె ప్రాణం కుదుటపడింది.

ముందుగదిలో టేపు తిరిగింది. వయొలిన్ కడిగిన అద్దంలా వచ్చింది. మామగారు కళ్ళు మూసుకున్నారు. వ్యాపారి ముందుకు వంగాడు. కాసేపటికి వెనక్కి వాలాడు.

"వాయిద్యం బ్రహ్మాండం. ఊపిరి మాత్రం లేదండీ."

కొడుకు తన భార్య వైపు తిరిగాడు. "పాత సామాన్లవాడికి కబురు పెడుతున్నానని మీ మామగారికి చెప్పు."

మామగారు మెషీను మూత మీద చెయ్యేసి, పసిపిల్లను నిమిరినట్టు నిమిరారు.

అది చూడలేక కోడలు వంటింట్లోకి పరుగెత్తింది. "ఇదేం విడ్డూరం అత్తయ్యా! వాడు అక్కడే ఉన్నాడు, ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాడు. మరి ఊపిరి ఎందుకు రాలేదు?"

మనవణ్ణి భుజాన వేసుకున్న అత్తగారు, ఎర్రబడ్డ కళ్ళు నులుముకుంటూ పెద్దగా ఆవులించింది.

"ఎలా వస్తుందే? రెప్ప వేయొద్దని ఒట్టు పెట్టించుకుంటివి. పోయినసారిలా వాడి పక్కన నన్నూ కాస్త కునుకు తీయనిస్తేగా గురక వచ్చేది!"