ఒక్కసారి చూడు నాన్నా

ఆ ఉదయం ఇంకో బాలింత జ్వరంతో చనిపోయింది. చిన్న డాక్టరమ్మ శవం మీద దుప్పటి కప్పి, తిన్నగా పెద్ద డాక్టరు గదిలోకి వెళ్లి తలుపు ధడాలున వేసింది. ఆ పెద్ద డాక్టరు ఆమె కన్నతండ్రే.

"శవాలు కోసిన చేతుల్ని తువ్వాలుకు తుడుచుకుని వచ్చి కాన్పులు చేస్తావు. ఆ చేతులే వీళ్లను చంపుతున్నాయి నాన్నా!"

"మళ్లీ మొదలెట్టావా? ఆ ఇత్తడి గొట్టంలోకి చూస్తే నీకు దయ్యాలు కూడా కనిపిస్తాయి."

ఆమెకు ఒళ్లు మండిపోయింది. మైక్రోస్కోపును తెచ్చి ఆయన ముందు ఠపీమని పెట్టింది. "ఇవాళ ఇందులో చూడందే నిన్ను కాన్పుల గదిలో అడుగు పెట్టనివ్వను."

ఆయన విసుక్కుంటూ వంగి చూశాడు. పూసలు గుచ్చినట్టు సన్నటి గొలుసులు కనిపించాయి. ఆమె గాజుపలక మార్చింది. అందులోనూ అవే గొలుసులు.

"మొదటిది ఆ బాలింత రక్తం. రెండోది నీ తువ్వాలు పిండితే వచ్చిన చుక్క. ఆ గొలుసులే జ్వరం తెచ్చే క్రిములు."

ఆయన మెల్లగా తల ఎత్తాడు.

"నిన్ను కన్నాక మీ అమ్మ పోయింది కూడా ఈ జ్వరంతోనే. ఆ పురుడు పోసింది నేనే."

"అంటే... నీకు ముందే అనుమానం ఉందా?"

"ఉందమ్మా. అది నిజమని తేలితే నేను బతకలేను. అందుకే ఇన్నేళ్లూ ఇందులోకి చూడలేదు."

"నువ్వు బతకడానికి ఇంతమంది చావాలా నాన్నా?"