పొద్దున్నే వచ్చే అన్నయ్య

పాల క్రేట్లతో ఎత్తు ఎక్కుతూ ఆమె పికప్ ఆగిపోయింది. మెకానిక్ వచ్చి బానెట్ ఎత్తి చూశాడు.

"ట్యాంకులోంచి డీజిల్ లాగే లిఫ్ట్ పంపు పోయిందమ్మా. ఇవాళ కాదు, ఎప్పుడో పోయింది. రోజూ పొద్దున్నే ఈ చేతిపంపు కొట్టి డీజిల్ ఎక్కిస్తున్నది ఎవరు? కొట్టకపోతే బండి స్టార్టే కాదు!"

ఆమెకు బండి అమ్మింది సొంత అన్నయ్య. అమ్మిన మర్నాటి నుంచీ తెల్లారకముందే వచ్చి, తనే స్టార్ట్ చేసిపెట్టి వెళ్తున్నాడు. "చలికి ఇంజన్ మొరాయిస్తుంది, నువ్వు పడుకో తల్లీ" అనేవాడు. ఇలాంటి అన్న ఎవరికుంటాడని ఆమె వీధంతా చెప్పుకుంది.

కొత్త పంపు వేయించి, సాయంత్రం తిన్నగా అన్నయ్య ఇంటికి వెళ్లింది.

"పంపు పోయిందని నీకు ముందే తెలుసు కదూ?"

అతను తల దించుకున్నాడు. "తెలిస్తే కొనవేమోనని..."

"చెప్పినా కొనేదాన్ని అన్నయ్యా. బయటివాళ్లెవరూ దొరకలేదా ముంచడానికి?"

అతను లేచి కుర్చీ ఆమె వైపు జరిపాడు.

"పంపు మార్పించాను. ఇంక నీకా శ్రమ లేదులే" అనేసి వచ్చేసింది. రాత్రంతా అతన్ని తిట్టుకుంటూనే ఉంది.

మర్నాడు చీకటితోనే లేచింది. తాళం తిప్పితే చాలు, బండి కదులుతుంది. తిప్పలేదు. గుమ్మంలో కూర్చుని వీధి మలుపు వైపు చూస్తూ ఉండిపోయింది, ఏ పనీ లేకపోయినా వస్తాడేమోనని.

బాగా తెల్లారింది. పాలు రాలేదని దుకాణాల వాళ్లు ఫోన్లు మొదలుపెట్టారు. అప్పుడు లేచి, బండి తనే స్టార్ట్ చేసుకుంది.