కంఫర్ట్ అంటే

ముసలాయన చెప్పులు విడిచి, కొత్త పరుపు మీద వాలాడు.

"జర మెత్తగున్నదో లేదో చూస్త సేటు" అన్నాడు. చూస్తూ చూస్తూనే కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి గురక మొదలైంది.

అమానుల్లాకు ఒళ్లు మండింది. గద్వాల బస్టాండు ఎదురుగా పరుపుల దుకాణం తెరిచినప్పటి నుంచి బేరం లేదు. తీరా వచ్చిన ఒక్క మనిషీ నిద్రపోవడానికే వచ్చాడు. భుజం తట్టి లేపబోతుంటే, అప్పుడే అన్నం డబ్బా తెచ్చిన కుబ్రా బేగం భర్త చెయ్యి పట్టుకుని ఆపింది. పెద్ద మనిషి ఎండన పడి వచ్చినట్టున్నాడు, కాసేపు పండనీయమంది.

లోపమంతా దుకాణం పేరులోనే ఉందని అమానుల్లా అనుమానం. బోర్డు మీద 'కంఫర్ట్' అని రాయించమన్నది డిగ్రీ చదువుతున్న కూతురు రుబీనా. అర్థమేమిటని అడిగితే సుఖం, హాయి, ఆరామ్ అంది. అక్కడితో ఊరుకోకుండా, ఓదార్చడం అనే అర్థం కూడా ఉందని చెప్పింది.

"ఓదార్చుడా? మనం పరుపులు అమ్ముతున్నమా, పరామర్శకు పోతున్నమా?" అన్నాడు అమానుల్లా.

కూతురి మాట కాదనలేక ఆ పేరే పెట్టాడు. బోర్డు చూసి, రాయచూరు బస్సు దిగిన ఒకాయన రూములు ఖాళీ ఉన్నాయా అని అడిగాడు. ఇంకొకాయన స్నానానికి వేడినీళ్లు ఇస్తారా అన్నాడు. ఒక పెద్దావిడైతే లోపలికి వచ్చి కూర్చుని, డాక్టరు ఎప్పుడొస్తాడంది. పరుపు కావాలన్నవాళ్లు మాత్రం లేరు. అమానుల్లాకు ముద్ద దిగడం మానేసింది. దుకాణం మూసేసి కర్నూలులో తమ్ముడి దగ్గర పనికి పోతానని ఇంట్లో చెప్పాడు. కుబ్రా కంచంలో మరో గరిటె అన్నం వేసింది. అతను దాన్నీ వదిలేసి లేచాడు.

ఆ తర్వాతే ఈ ముసలాయన వచ్చాడు.

మర్నాడు కూడా అదే వేళకు వచ్చాడు. పేరు వెంకట్రాములు అని, మానవపాడు నుంచి కూతురింటికి వచ్చానని చెప్పి మళ్లీ పడుకున్నాడు. ఆ మధ్యాహ్నం ఉమారాణి అనే టీచరమ్మ బస్సు కోసం నిలబడి, దుకాణం అద్దంలోంచి ఆయన్ను చూసింది. పక్కనున్న భర్తను పిలిచి చూపించింది. ఇద్దరూ లోపలికి వచ్చారు.

"ఇంత రద్దీల గింత మంచిగ నిద్ర పోతుండంటే పరుపు ఎట్లున్నదో చూడు" అంది భర్తతో. తర్వాత అమానుల్లా వైపు తిరిగి, "తాత పండిన అసొంటి పరుపే మాక్కూడా ఇయ్యండి" అంది.

అది మొదటి బేరం. ఆ వారం నుంచి అద్దం ముందు జనం ఆగసాగారు. ఆగినవాళ్లలో కొందరు లోపలికి వచ్చారు, వచ్చినవాళ్లు గుసగుసగా బేరమాడారు. అమానుల్లా ఫ్యాను ముసలాయన వైపు తిప్పాడు. ఫోను మోగకుండా చేశాడు. గట్టిగా మాట్లాడే కొనుగోలుదారులకు పెదవుల మీద వేలు పెట్టి చూపించాడు. ఒకరోజు వెంకట్రాములు రావడం ఆలస్యమైతే గడపలో నిలబడి రోడ్డు వైపే చూశాడు. ఇంట్లో అడిగి మరీ రెండోసారి పెట్టించుకుని తింటున్నాడు. కర్నూలు మాట మళ్లీ ఎత్తలేదు.

రంజాను ముందు సరుకంతా అయిపోయి, మళ్లీ తెప్పించాల్సి వచ్చింది. ఆ సంతోషంలో అమానుల్లా ముసలాయన రెండు చేతులూ పట్టుకున్నాడు.

"తాతా, నీ ఫోటో బోర్డు మీద ఏపిస్త. నువ్వు పండే పరుపు గూడ నీకే. ఆటోల ఏసి పంపిస్త."

వెంకట్రాములు కంగారుపడ్డాడు. ఫోటో వద్దన్నాడు, పరుపు అసలే వద్దన్నాడు. ఇంత నిరాడంబరమైన మనిషిని తన జీవితంలో చూడలేదని అమానుల్లా కళ్లు తుడుచుకున్నాడు. ఆ సాయంత్రం దుకాణానికి పేరు పెట్టడంలో కూతురి తెలివిని మెచ్చుకున్నాడు.

"కంఫర్ట్ అంటే సుఖమే బిడ్డా, నువ్వు చెప్పింది నిజం. గా ఓదార్చుడు మాత్రం మనకెందుకు? ఈడ ఎవరేడ్చిండ్రు?"

కుబ్రా బేగం తల వంచుకుని రొట్టెలు కాల్చుకుంటోంది.

మర్నాడు పొద్దున అమానుల్లా ఫోటోగ్రాఫరును తీసుకురావడానికి వెళ్లాడు. రుబీనా కాలేజీకి పోయింది. ఇంటి వెనక వాకిలి తలుపు చప్పుడైతే కుబ్రా తీసింది. వెంకట్రాములు అటూ ఇటూ చూసి లోపలికి వచ్చాడు. ఆమె కుర్చీ వేసి, చాయ్ తెచ్చింది. ఆయన కూర్చోలేదు. చాయ్ గ్లాసు పట్టుకుని, గోడకు ఆనుకుని, గొంతు తగ్గించి అన్నాడు.

"రేపటి సంది ఇంకో మనిషిని మాట్లాడుకో తల్లీ, గా పరుపు మీద పండలేక సస్తున్న."